మధ్యాహ్నపు ఎండ, తెల్లవారుజాము వేణ్ణీళ్ళు

నేను సింగపూరులో ఐటీ కన్సల్టెంటుని. పనిమీద తరచు తువాస్ వైపు వెళ్తుంటాను. అక్కడ తెంగే అనే జలాశయం ఉంది. 2021 జూలైలో దానిమీద 60 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. 45 హెక్టార్ల నీటి మీద సుమారు 1,22,000 పలకలు పరిచారు. ఆ కరెంటు సింగపూరు నీటి సంస్థ అవసరాలకే పోతుంది. అంటే అక్కడ ఎండ నీటి చాకిరీ చేస్తోందన్న మాట! ఈ వేళ మన స్నానపు నీళ్ళకి ఎండ చేసిన చాకిరీ కథ చెప్పుకుందాం.

ఎండ మధ్యాహ్నం కాస్తుంది. వేణ్ణీళ్ళు మాత్రం తెల్లవారుజామున కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. 1767లో జెనీవాకి చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త అద్దాల మూత పెట్టిన పెట్టెలో, నీరు మరిగే వేడిని మించిన వేడిని పట్టి చూపించాడు. 1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్, అలాంటి పెట్టెలో నల్లరంగు వేసిన నీళ్ళ తొట్లు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. సాయంత్రానికి నీళ్ళు కాగేవి, తెల్లారేసరికి చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఆ రెంటినీ విడదీశాడు. ఎండలో గొట్టాలు, వాటికి పైన వేడి పోకుండా చుట్టిన ట్యాంకు. వేడెక్కిన నీరు తనంతట తానే పైకెక్కేది. దానికి 'పగలూ రాత్రీ' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. తర్వాత అక్కడ సహజవాయువు చవకగా దొరకడంతో ఆ వ్యాపారం కుంటుపడింది. బెయిలీ కంపెనీ కూడా గ్యాసు హీటర్లకి మళ్ళింది.

ఇప్పుడు సౌర పలకలే చవకయ్యాయి. కృష్ణా జిల్లాలో మా ఇంటి మేడ మీద 3 కిలోవాట్ల పలకలున్నాయి. మంచి ఎండరోజున 12 యూనిట్ల దాకా వస్తాయి. అందులో సగం మిగులు. అయినా ధనుర్మాసంలో మా అమ్మ నాలుగింటికే లేచి కట్టెల పొయ్యి మీద కాగు పెట్టేది. ఆ పొగ మాన్పించాలన్నదే నా పట్టుదల.

పద్ధతి ఇదీ: మీటరు దగ్గర తీగకి ఒక సెన్సారు తగిలిస్తాం. కరెంటు గ్రిడ్‌కి పోతోందని అది చెప్పగానే, కంట్రోలరు సరిగ్గా ఆ మేరకే ట్యాంకులోని హీటరుకి మళ్ళిస్తుంది. 150 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాచడానికి సుమారు 6 యూనిట్లు చాలు. "మబ్బు పడితేనో?" అన్నారు నాన్నగారు. ఆ రోజు అదే హీటరు గ్రిడ్ కరెంటు వాడుకుంటుంది.

కేవలం వేణ్ణీళ్ళకే అయితే, బెయిలీ తరహా గొట్టాలే తక్కువ చోటులో ఎక్కువ వేడినిస్తాయి. పలకలు ముందే ఉండి, గ్రిడ్‌కి అమ్మే ధర కొనే ధరకన్నా తక్కువైన చోట ఈ పద్ధతి లాభం. బ్యాటరీ కన్నా నీళ్ళ ట్యాంకు చవక. ఒక్క మాట: థర్మోస్టాట్, ప్రెషర్ వాల్వు, ఎర్తింగ్ లేకుండా దీని జోలికి పోవద్దు. వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. నేనూ అలాగే చేయించాను.

నూరేళ్ళు దాటినా బెయిలీ పాఠం మారలేదు. వేడి పుట్టించడం సులువు, తెల్లవారేదాకా దాచడమే అసలు పని. అందుకే మా ఇంట్లో ఖర్చంతా మంచి ట్యాంకు మీదే పెట్టాం. ఇప్పుడు అమ్మ కాగులో తులసి మొక్క పెంచుతోంది.

మీ ఇంటి మీదా పలకలుంటే, మధ్యాహ్నం ఎన్ని యూనిట్లు బయటికి పోతున్నాయో ఒకసారి మీటరు చూడండి. సెలవు.