పశ్చిమ ప్రకాశంలో మాతా శిశు ఆసుపత్రి సేవలు

పశ్చిమ ప్రకాశంలో మాతా శిశు ఆసుపత్రి సేవలు అనగా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలలోని గర్భిణులకు, బాలింతలకు, నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా లభించే వైద్య సేవలు, వాటికి అనుబంధంగా ఉన్న రవాణా, భోజనం, ఆర్థిక సహాయం వంటి సదుపాయాలు. కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తం ఈ ఆసుపత్రులలో ఉచితం. అయితే ఊళ్ళు దూరదూరంగా ఉన్న ఈ ప్రాంతంలో సేవ ఉండటం ఎంత ముఖ్యమో, సకాలంలో దానిని చేరుకోవటం అంతే ముఖ్యం.

నైసర్గిక స్థితి

ఈ ప్రాంతం పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. 2025 చివరిలో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడింది. పడమట నల్లమల అడవులు, మిగిలిన భాగంలో మెట్ట భూములు ఉన్నాయి. మార్కాపురం నుండి ఒంగోలు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. గిద్దలూరుకు ఒంగోలు కంటే నంద్యాల దగ్గర. కాని ఆ దారి నల్లమల కనుమ గుండా పోతుంది. దోర్నాల, యర్రగొండపాలెం మండలాల అటవీ ప్రాంతంలో చెంచు గూడేలు ఉన్నాయి. వానాకాలంలోను, రాత్రి వేళలలోను ఇక్కడి నుండి గర్భిణిని తరలించటం కష్టమైన పని.

మూడు జాప్యాలు

ప్రసవ సమయంలో జరిగే మరణాలకు కారణాలను సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడు జాప్యాలుగా వివరించారు. మొదటిది ఆసుపత్రికి వెళ్ళాలని ఇంట్లో నిర్ణయించుకోవటంలో ఆలస్యం. రెండవది ఆసుపత్రిని చేరుకోవటంలో ఆలస్యం. మూడవది చేరిన తరువాత తగిన చికిత్స అందటంలో ఆలస్యం. కాన్పు తరువాత రక్తస్రావం తీవ్రమైతే చికిత్స లేనిచో రెండు గంటలలోనే ప్రాణం పోవచ్చు. మార్కాపురం నుండి ఒంగోలుకు రోడ్డు ప్రయాణమే దాదాపు అంత సమయం తీసుకుంటుంది. అందువలన ఈ ప్రాంతంలోని సేవలను ఈ మూడు జాప్యాల దృష్టితో చూస్తే వాటి ప్రయోజనం తేలికగా అర్థమవుతుంది.

2018-20 నమూనా రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు 45 మాతృ మరణాలు నమోదైనవి. అదే కాలంలో దేశ సగటు 97. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అదే సర్వేలో గర్భిణులలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. రక్తహీనత ఉన్న తల్లి కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు.

కాన్పుకు ముందు సేవలు

గ్రామంలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం గర్భిణి పేరు నమోదు చేసి తల్లీ బిడ్డ రక్షణ కార్డు ఇస్తారు. రక్తపోటు, బరువు, రక్తంలో హిమోగ్లోబిన్, మూత్ర పరీక్షల ఫలితాలు, రక్త వర్గం ఇందులో వ్రాస్తారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కనీసం 180 రోజులు వాడాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన వైద్యాధికారి గర్భిణులను పరీక్షించి, ప్రమాద లక్షణాలున్న వారిని గుర్తిస్తారు.

తొలి కాన్పు పుట్టింట జరగటం తెలుగువారి ఆచారం. పైగా ఈ ప్రాంతం నుండి పనుల కోసం వలస వెళ్ళే కుటుంబాలు ఎక్కువ. అందువలన పరీక్షలు ఒక ఊరిలో, కాన్పు మరొక ఊరిలో జరగటం సాధారణం. అటువంటప్పుడు వెంట ఉన్న కార్డే కాన్పు చేసే వైద్యునికి ఆధారం.

రవాణా

అత్యవసర సమయంలో 108 అంబులెన్సును పిలవవచ్చు. ఈ సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగష్టు 15న ప్రారంభమైంది. కాన్పు తరువాత తల్లీబిడ్డలను ఇంటికి చేర్చటానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1న రాష్ట్రంలో 500 కొత్త వాహనాలను ప్రవేశపెట్టారు.

ఆసుపత్రిలో సేవలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెంలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. క్లిష్టమైన కేసులను ఒంగోలు లేదా నంద్యాలకు పంపుతారు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. మార్కాపురం వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది.

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి ఈ క్రిందివి హక్కుగా లభిస్తాయి. వీటికి రుసుము తీసుకోరాదు.

* సాధారణ కాన్పు, సిజేరియన్ శస్త్రచికిత్స
* మందులు, పరీక్షలు, అవసరమైన రక్తం
* సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజుల వరకు భోజనం
* ఇంటి నుండి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుండి మరొక దానికి, తిరిగి ఇంటికి రవాణా

మొదట జబ్బుపడిన శిశువులకు 30 రోజుల వరకు వర్తించిన ఈ సదుపాయాన్ని 2014లో ఏడాది వయసు వరకు పొడిగించారు.

పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చినపుడు ముందుగా చేసే ప్రథమ చికిత్స చాలా విలువైనది. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి బయలుదేరక ముందే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇవ్వాలి. ఏ మందు, ఏ సమయంలో ఇచ్చారో రిఫరల్ చీటీలో వ్రాసి, చేర్చుకోబోయే ఆసుపత్రికి ముందుగా తెలియజేస్తే అక్కడ మూడవ జాప్యం తగ్గుతుంది.

నవజాత శిశు సంరక్షణ

కాన్పులు జరిగే ప్రతి చోట శిశువును వెచ్చగా ఉంచే, శ్వాస అందించే ఏర్పాటు ఉండాలి. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోనిచో మొదటి నిమిషంలోనే శ్వాస అందించాలి. 1,800 గ్రాముల కంటే తక్కువ బరువుతో లేదా 34 వారాల కంటే ముందు పుట్టిన శిశువులను ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో చేరుస్తారు. స్థిమితపడిన తక్కువ బరువు శిశువును తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తాకునట్లు ఉంచే పద్ధతిని కంగారూ సంరక్షణ అంటారు. ఇది 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. ఆసుపత్రుల మధ్య ప్రయాణంలో కూడా బిడ్డ చల్లబడకుండా ఇది కాపాడుతుంది. కనుక దూర ప్రాంతాలకు ఎంతో ఉపయోగకరం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. 24 గంటలలోపు హెపటైటిస్-బి టీకాతో పాటు బీసీజీ, పోలియో చుక్కలు కూడా వేస్తారు.

ఇంటికి చేరిన తరువాత

సాధారణ కాన్పు అయిన తల్లిని కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి. తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూస్తుంది. బిడ్డ పాలు త్రాగకపోవటం, ఒళ్ళు చల్లబడటం లేదా జ్వరం, వేగంగా ఊపిరి తీయటం, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడటం ప్రమాద సూచనలు. తల్లికి అధిక రక్తస్రావం, జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ వచ్చినచో పథ్యం, మైల వంటి కారణాలతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొదటి జాప్యం తొలగేది ఇంట్లోనే.

ఆర్థిక సహాయం

2005లో ప్రారంభమైన జననీ సురక్ష యోజన క్రింద ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన గ్రామీణ తల్లికి 700 రూపాయలు, పట్టణ తల్లికి 600 రూపాయలు కేంద్ర మార్గదర్శకాలలో నిర్ణయించారు. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద అర్హులైన వారికి తొలి కాన్పుకు 5,000 రూపాయలు లభిస్తాయి. రెండవ సంతానం ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు ఇచ్చే సవరణ 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. బిడ్డ జననాన్ని 21 రోజులలోపు నమోదు చేయించాలి.

ఇవి కూడా చూడండి

* మార్కాపురం
* గిద్దలూరు
* నల్లమల అడవులు
* చెంచులు
* 108 అత్యవసర సేవ