సున్నా అంటే కొంప మునిగినట్టు

లైనక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. కొత్తగా చేరిన పిల్లలకు లాగ్‌లు చూపించినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ఇదేంటి సార్, సున్నా పెద్దదీ, ఏడు చిన్నదీనా?" అవును మరి. సున్నా ఎమర్జెన్సీ, ఏడు డీబగ్. మధ్యలో వరసగా అలర్ట్, క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్, నోటీస్, ఇన్ఫో. ఈ లెక్కకు పుట్టిల్లు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ.

1980ల మొదట్లో అక్కడి యూనివర్సిటీలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ రాస్తున్నాడు. మెయిల్ మోసే ప్రోగ్రాం ఎదుట ఎవరూ కూర్చోరు. ఏది చేరింది, ఏది తిరిగొచ్చిందన్నది అదే ఎక్కడో రాసిపెట్టాలి. ఆ అవసరం కోసం పుట్టిందే సిస్‌లాగ్. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో ఊళ్లు తిరిగింది. తర్వాత మిగతా ప్రోగ్రాములూ తమ గోడు దానికే చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

అందులో నాకు నచ్చింది పని పంచిన తీరు. ప్రోగ్రాం రాసినవాడు తీవ్రత ఎంతో చెప్పి ఊరుకుంటాడు. ఆ కబురు ఎక్కడికి పోవాలో సర్వర్ చూసుకునేవాడి ఇష్టం. కాన్ఫిగ్ ఫైల్లో 'మెయిల్.ఇన్ఫో' అని రాసి పక్కన ఫైలు పేరు పెడితే, ఇన్ఫోతో పాటు అంతకన్నా తీవ్రమైనవన్నీ అందులో పడతాయి, డీబగ్ రాలిపోతుంది. ఎమర్జెన్సీని మాత్రం సాధారణంగా లాగిన్ అయి ఉన్న ప్రతివాడి టెర్మినల్‌కూ పంపేవారు, ఊళ్లో దండోరా వేసినట్టు.

ఎనిమిది స్థాయిలు మూడు బిట్లలో సరిగ్గా పడతాయి. కబురు పంపిన విభాగం నంబరును ఎనిమిదితో హెచ్చవేసి తీవ్రత కలుపుతారు. మెయిల్ 2, ఎర్రర్ 3. కబురు నెత్తిన 19 కనిపిస్తుంది. ఈ పద్ధతి చాలా ఏళ్లు వాడుకలోనే బతికింది. ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కింది 2001లో, సిస్కోకు చెందిన క్రిస్ లోన్విక్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రంతో. 2009లో రైనర్ గెర్‌హార్డ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5424 దాన్ని ప్రమాణంగా మార్చింది. తీవ్రత ఎవరి లెక్క వాళ్లదని, పంపేవాళ్లందరికీ ఒకే కొలత ఉంటుందని నమ్మొద్దని అందులోనే హెచ్చరించారు. అంకెలు కుదిరాయి గానీ అర్థం కుదరలేదన్నమాట.

లైనక్స్ కెర్నెల్ కూడా ఈ ఎనిమిదే వాడుతుంది. అపాచీ వెబ్ సర్వర్‌దీ అదే వరస. మనం మార్చకపోతే వార్నింగ్ దగ్గర నిలుస్తుంది. అయితే 2.4 వెర్షన్‌కి వచ్చేసరికి డీబగ్ కింద ట్రేస్ పేరుతో మరో ఎనిమిది చేర్చారు. గమనించండి, మెట్లు పెరిగింది కిందికే. ఎమర్జెన్సీకి పైన ఇంకోటి కావాలని వాళ్లెవరూ అడగలేదు. తప్పు వెతికే ప్రోగ్రామర్‌కు ఎంత వివరమున్నా చాలదు. అర్ధరాత్రి ఫోనెత్తేవాడికి ఒక్క ముక్క చాలు.

అందుకే మా పిల్లలకు చెప్పేది ఇంతే: ఎర్రర్ అని రాసేముందు, అది చూసినవాడు ఏం చేయాలో చెప్పగలరా? చెప్పలేకపోతే అది ఇన్ఫో.