కూర్బే చిత్రంపై అంత అల్లరి ఎందుకు?

గుస్తావ్ కూర్బే చిత్రించిన ‘ఓర్నాన్‌లో అంత్యక్రియ’ కష్టజీవుల చిత్రమన్నది మనలో తరచు వినిపించే మాట. ఆ మాట వల్ల చిత్రానికి గౌరవం పెరిగిందేమో గాని, 1851లో పారిస్‌లో చెలరేగిన దుమారం మాత్రం అర్థం కాకుండా పోయింది.

మనం దాన్ని పుస్తకాల్లో అరచేతి మేర అచ్చులో చూస్తాం. అసలుది మూడు మీటర్ల ఎత్తు, ఆరు మీటర్లకు పైగా పొడవు. నలభైమందికి పైగా మనుషులు నిలువెత్తున నిలబడి ఉంటారు. అంత పటం నాటి ఫ్రాన్సులో పట్టాభిషేకాలకు, యుద్ధాలకు, పురాణవీరులకు చెల్లేది. కూర్బే తన ఊరివాళ్లను నిలబెట్టాడు. మేయరు, మతగురువు, గోతి తవ్వేవాడు, 1793 నాటి దుస్తులతో ఇద్దరు ముసలివాళ్లు - అందరూ వచ్చారు. బొమ్మలో తామూ ఉండాలని ఊరంతా ముచ్చటపడుతున్నదని కూర్బేయే మిత్రుడు షాంఫ్లూరీకి రాశాడు.

1850 డిసెంబరు 30న పారిస్ సలోన్ తెరిచారు. చిత్రకారుడు కురూపాన్ని పూజిస్తున్నాడన్నారు. ఎర్ర అంగీలు తొడిగిన చర్చి బంట్లిద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి గనుక వాళ్లు తాగుబోతులన్నారు, మతాన్ని ఎగతాళి చేశాడన్నారు. ఇది సోషలిజమే అన్నారు. అదే సలోన్‌లో కూర్బే ‘రాళ్లు కొట్టేవాళ్లు’ కూడా ఉన్నది. నిజమైన చింకిపాతలు, నిజమైన కూలీలు అందులో ఉన్నారు. దానిపైనా విమర్శ వచ్చింది. కాని పెద్ద అల్లరి ‘అంత్యక్రియ’ చుట్టూనే సాగింది. చింకిపాతల కంటె నల్లకోట్లు ఎక్కువ కోపం తెప్పించాయన్న మాట! అసలు ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం.

టి.జె. క్లార్క్ 1973లో దీనికి జవాబు వెతికాడు. పారిస్ జనాభా 1801లో సుమారు ఐదున్నర లక్షలు, 1851 నాటికి పదిలక్షలు దాటింది. పెరిగినవాళ్లలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. నగరపు బూర్జువాకు ఆ సంగతి మరచిపోవడమే సుఖం. పల్లె అంటే భేదాల్లేని అమాయక సమాజం అనుకుంటేనే వాడికి నిద్ర పడుతుంది. కూర్బే పల్లెలో కూడా బూర్జువాలున్నారని చూపించాడు. ఆయన తండ్రి రెజీస్‌నే చూడండి: ‘ఫ్లాజే రైతులు’ చిత్రంలో రైతు అంగీ, ‘అంత్యక్రియ’లో కోటు. మనిషి ఒక్కడే. రైతెక్కడ ఆగి బూర్జువా ఎక్కడ మొదలవుతాడో తేల్చి చెప్పడం సాధ్యం కాదు. పారిస్ పెద్దమనిషి ఆ కోటులో తన తాతనే చూసుకున్నాడు కాబోలు.

రాజకీయం దీనికి తోడైంది. 1848 డిసెంబరులో లూయీ నెపోలియన్‌ను గెలిపించినవి ప్రధానంగా పల్లెల ఓట్లే. తరువాత ఆ పల్లెల్లోనే వామపక్షం వేళ్లూనడం మొదలైంది. 1850 మే 31న వచ్చిన చట్టం దాదాపు 30 లక్షలమంది ఓటు ఊడబెరికింది. అటువంటి ఏడాదిలో, పల్లె ఇటా అటా అని అందరూ లెక్కలు వేస్తున్నప్పుడు, ఈ చిత్రం ఏ పక్షానికీ భరోసా ఇవ్వలేదు. ఇందులో నాయకుడు లేడు. పిడికిలి బిగించినవాడు లేడు. మతగురువు పుస్తకంలోకి చూస్తాడు, చాలామంది గోతి వైపే చూడరు, తెల్లకుక్క సైతం మరోవైపు తల తిప్పుకున్నది. శవపేటికలో ఎవరున్నారో చిత్రం చెప్పదు. దీన్ని ‘ప్రజాచిత్రం’ అని ఒక్కమాటతో సరిపెట్టే మన అలవాటు, దాన్ని తిట్టిన పారిస్ విమర్శకుల శ్రద్ధ కంటె తక్కువైనది. వాళ్లు కనీసం కోట్లను గమనించారు.

1855 అంతర్జాతీయ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు దీన్ని తిప్పికొట్టారు. కూర్బే సొంతంగా పాక కట్టి, ‘రియలిజం’ అని పేరు పెట్టి, టిక్కెట్టుతో చూపించాడు. పారిస్ కమ్యూన్‌లో పాల్గొన్నందుకు జైలుకు వెళ్లి, ప్రవాసంలో 1877లో స్విట్జర్లాండులో చనిపోయాడు. చిత్రాన్ని 1881లో ఆయన చెల్లెలు జూలియెట్ లూవ్ర్‌కు ఇచ్చింది.