అడిగినవాడికే వచ్చిన పిలుపు

దైవపిలుపు అనగానే ఆకాశవాణి వంటిదేదో మనకు స్ఫురిస్తుంది. దమస్కు దారిలో పౌలుకు కలిగిన అనుభవమే అందుకు నమూనాగా నిలిచిపోయింది. నేను చదివిన చరిత్రలో మాత్రం అలా మెరుపులా వచ్చిన పిలుపులు తక్కువ. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది డోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి కథ.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగేవారు. 1902లో యాఫ్నా వెళ్ళినపుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత పూనికతో సువార్తసేవ సాగించడం చూశారు. తరాలుగా క్రైస్తవులమై ఉన్న మనమేం చేశామన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. మరుసటి ఏడే తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం వెలిసింది. ధనమూ, మనుషులూ, నాయకత్వమూ అన్నీ భారతీయులవే కావాలన్నది దాని నియమం. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలు దాని కార్యక్షేత్రమయ్యాయి.

ఆ పల్లెలకు వెళ్ళేదెవరని కొన్నేళ్ళపాటు ఆయన ఇతరులను అడుగుతూ వచ్చారు. చివరికి ఆ ప్రశ్న అడిగినవాడి ముందుకే వచ్చి నిలిచింది. 1909లో, ముప్ఫై అయిదవ ఏట, పెద్ద ఉద్యోగం వదులుకొని, గురుపట్టం పొంది డోర్నకల్ చేరారు. ఊరు కొత్త, భాష కొత్త. ఆ వయసులో తెలుగు నేర్చుకొని, మాలమాదిగ పల్లెల్లో తిరిగారు. 1910లో ఎడింబరో మహాసభలో, విదేశీ మిషనరీలు త్యాగాలెన్ని చేసినా స్నేహం మాత్రం పంచడం లేదని మొహమాటం లేకుండా చెప్పారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న మరణించేవరకూ డోర్నకల్‌నే అంటిపెట్టుకొని ఉన్నారు.

యెషయా గ్రంథంలో ప్రవక్తకు వినిపించినది కూడా ఆజ్ఞ కాదు, ఎవరిని పంపాలన్న ప్రశ్నే. మన ఇష్టానికీ పిలుపుకూ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది మథనపడతారు. అజరయ్య గారి జీవితంలో నాకు కనబడే గీటురాయి ఇది: ఇతరులకు చేసే బోధలో ఏ మాట మనల్నే నిలదీసి నిద్రపట్టనివ్వదో, బహుశా అదే మన పిలుపు. అలాంటి మాటను విననట్లు నటించడం చాలా తేలిక. ఆయన నటించలేకపోయారు. డోర్నకల్‌కు ఒక బిషప్పు దొరికాడు.