కోటగోడలు చెప్పే కథలు: జర్మనీలో ఒక పాత బాట వెంట

ఐరోపా చరిత్ర అనగానే మనకు లండన్, పారిస్, రోము, బెర్లిన్ గుర్తుకు వస్తాయి. చక్రవర్తులు, యుద్ధాలు, ఒడంబడికలు కళ్ల ముందు కదులుతాయి. కాని ఆ చరిత్ర భారమంతా మోసినవి చిన్న ఊళ్లు. పన్నులు కట్టినవీ, సైన్యాలకు అన్నం పెట్టినవీ, ఎవరు గెలిచినా దోపిడీకి గురైనవీ అవే. దక్షిణ జర్మనీలోని బవేరియాలో అటువంటి ఊళ్లను వరుసగా చూసే భాగ్యం నాకూ, నా శ్రీమతికీ కలిగింది. పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు వారి కారు తీసుకుని, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు జేబులో పెట్టుకుని, ఆరు రోజులపాటు మేమిద్దరమే తిరిగాము. అక్కడ చూసినదీ, చదివి తెలుసుకున్నదీ తోటి విశ్రాంత ఉద్యోగ మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మేము వెళ్లిన దారి పేరు రొమాంటిక్ రోడ్. ఉత్తరాన మైన్ నది ఒడ్డున ఉన్న వుర్జ్‌బర్గ్ నుండి దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల పాదాల వద్ద ఉన్న ఫ్యూసెన్ వరకు సాగుతుంది. పేరు విని ఏదో ప్రాచీన రాజమార్గం అనుకుంటాము. నిజానికి ఆ పేరు పెట్టింది 1950లో. యుద్ధంలో ఓడి, చితికిపోయిన దేశానికి మళ్లీ యాత్రికులను రప్పించడానికి చేసిన ఏర్పాటు అది. ఊళ్లు మాత్రం పాతవే.

వుర్జ్‌బర్గ్: ఇరవై నిమిషాల విధ్వంసం

1895లో రాంట్జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్న ఊరు ఇదే. మన ఎముకల ఫోటో తీయించుకున్న ప్రతిసారీ ఈ ఊరికి ఋణపడ్డట్టే. 1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు ఇరవై నిమిషాలకు మించకుండా బాంబులు కురిపించాయి. పాతబస్తీలో దాదాపు 90 శాతం నేలమట్టమై, సుమారు ఐదు వేల మంది మరణించారు.

18వ శతాబ్దంలో బాల్తసార్ నోయ్‌మన్ కట్టిన రెసిడెంజ్ అనే రాజసౌధం పైకప్పు కూడా కాలిపోయింది. కాని పెద్ద మెట్లదారి పైనున్న రాతి కమాను కూలలేదు. దానిపై ఇటలీ చిత్రకారుడు తియెపోలో వేసిన మహాచిత్రం దక్కింది. యుద్ధం ముగియగానే జాన్ స్కిల్టన్ అనే అమెరికన్ సైనికాధికారి కలప సంపాదించి, వాన పడకుండా తాత్కాలికపు కప్పు వేయించాడు. పగలగొట్టిన పక్షం వారిలోనే కాపాడినవాడూ ఉన్నాడు. 1981లో ఈ సౌధం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

రోథెన్‌బర్గ్: పేదరికం కాపాడిన ఊరు

టాబర్ నది పైన గుట్ట మీద ఉన్న రోథెన్‌బర్గ్ 1274 నుండి స్వతంత్ర నగరం. అంటే ఏ జమీందారుకూ లోబడక, నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. 1618 నుండి 1648 వరకు సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం దాని వెన్ను విరిచింది. 1631లో సేనాని టిల్లీ ఊరిని పట్టుకున్నాడు. మూడుంబావు లీటర్ల ద్రాక్షసారాయి ఒక్క గుక్కలో తాగగలిగితే ఊరిని వదిలేస్తానని టిల్లీ అన్నాడనీ, పూర్వపు మేయరు నుష్ తాగేసి ఊరిని కాపాడాడనీ ఒక కథ చెబుతారు. ఇది చరిత్ర కాదు, కథే. 1881 నుండి నాటకంగా ఆడుతున్నారు.

ఆ తరువాత ఊరు కోలుకోలేదు. 19వ శతాబ్దంలో డబ్బున్న నగరాలు రోడ్ల కోసం, కొత్త పేటల కోసం పాత ప్రాకారాలను పడగొట్టాయి. రోథెన్‌బర్గ్‌కు ఆ స్తోమతు లేదు. కొత్తవి కట్టలేక పాతవాటిలోనే కాపురం చేసింది. చివరకు ఆ లేమే దాని సంపద అయింది. చిత్రకారులు వచ్చి బొమ్మలు వేశారు, వారి వెనుక యాత్రికులు వచ్చారు.

1945 మార్చి 31న ఇక్కడా బాంబులు పడి ఊరిలో సుమారు 40 శాతం ధ్వంసమైంది. మిగిలినది కూడా ఫిరంగులకు బలి కావలసిందే. అమెరికా యుద్ధశాఖలో సహాయ కార్యదర్శి జాన్ మెక్లాయ్‌కి ఈ ఊరి పేరు తెలుసు. ఆయన తల్లి ఒకప్పుడు ఇక్కడికి వచ్చి, ఊరి చిత్రం ఒకటి ఇంటికి తీసుకువెళ్లింది. ఫిరంగులు వాడవద్దని ఆయన చెప్పించాడు. ఆరుగురు సైనికులు తెల్లజెండాతో వెళ్లి మాట్లాడగా, చివరి మనిషి వరకు పోరాడాలన్న హిట్లర్ ఆజ్ఞను పక్కన పెట్టి స్థానిక సేనాధికారి ఊరిని అప్పగించాడు. కూలిన ప్రాకారాన్ని తరువాత ప్రపంచం నలుమూలల నుండి వచ్చిన విరాళాలతో కట్టారు. గోడ వెంట నడుస్తుంటే దాతల పేర్లు చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. మన దేవాలయాల మెట్ల మీద పేర్లలాగే ఉన్నాయని మా ఆవిడ అంది.

అయితే ఈ అందమైన ఊరికి మరో ముఖం ఉంది. 13వ శతాబ్దంలో రబ్బీ మేయర్ అనే గొప్ప యూదు పండితుడు ఇక్కడ బోధించాడు. అదే ఊరు 1520లో యూదులను వెళ్లగొట్టింది. తరువాతి కాలంలో తిరిగి వచ్చి స్థిరపడినవారిని 1938 అక్టోబరులో నాజీలు మళ్లీ తరిమేశారు. గోడలను నిలబెట్టుకున్న ఊరు తనతో బతికిన మనుషులను నిలబెట్టుకోలేదు. ఇది తెలియకుండా ఆ వీధుల్లో ఫోటోలు తీసుకుంటే చరిత్ర సగమే చూసినట్టు.

నోర్డ్‌లింగెన్: ఉల్క పడిన పళ్లెంలో పట్టణం

డింకెల్స్‌బ్యూల్ దాటి నోర్డ్‌లింగెన్ చేరాము. దీని ప్రాకారం గుండ్రంగా, ఎక్కడా తెగకుండా ఉంటుంది. పైన నడుస్తూ ఊరంతా చుట్టి రావచ్చు. ఇది నిలవడానికి కారణం ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ప్రాకారం పడగొట్టరాదని 1826లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ ఆదేశించాడు. ఫైళ్లు నడిపిన మనకు ఈ సంగతి వింటే సంతోషమే. ఒక్క సంతకం రెండు వందల ఏళ్లు పనిచేసింది.

ఊరు ఉన్న పల్లం సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం ఉల్క పడి ఏర్పడింది. అగ్నిపర్వతపు బిలమని చాలాకాలం నమ్మారు. 1960లో షూమేకర్, చావ్ అనే శాస్త్రజ్ఞులు రాళ్లు పరీక్షించి ఉల్క సంగతి తేల్చారు. 1970లో అపోలో 14 వ్యోమగాములు చంద్రుడి రాళ్లను గుర్తించే శిక్షణ కోసం ఇక్కడికే వచ్చారు. ఆ ఉల్కాపాతపు రాతితోనే కట్టిన చర్చి గోపురం 90 మీటర్ల ఎత్తు, 350 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ కింద బెంచీ మీద కూర్చుంది, నేను ఆగి ఆగి ఎక్కాను. పైనుండే కావలివాడు ఇప్పటికీ రాత్రి పది నుండి పన్నెండు వరకు అరగంటకొకసారి కేక వేస్తాడు.

ఆగ్స్‌బర్గ్: ఏడాదికి 88 సెంట్ల అద్దె

మన వంటివారు తప్పక చూడవలసినది ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గెరై. జాకబ్ ఫుగ్గర్ రాజులకు అప్పులిచ్చిన వర్తకుడు. 1519లో ఐదవ చార్లెస్ చక్రవర్తిగా ఎన్నిక కావడానికి పెట్టుబడి ఆయనదే. 1505లో మన మిరియాల కోసం భారతదేశానికి బయలుదేరిన పోర్చుగీసు నౌకాదళంలో ఆగ్స్‌బర్గ్ వర్తకుల సొమ్ము కూడా ఉంది.

ఆ ఫుగ్గర్ 1521లో పేద గృహస్థుల కోసం ఒక పేట కట్టించి శాశ్వత నిధి ఏర్పాటు చేశాడు. ఏడాది అద్దె ఒక రైన్ గిల్డరు. నేటి లెక్కలో 88 యూరో సెంట్లు, మన నూరు రూపాయల లోపే. ఐదు వందల ఏళ్లు దాటినా అద్దె పెరగలేదు. సుమారు 150 మంది ఉంటున్నారు. అర్హత ఏమిటంటే ఆగ్స్‌బర్గ్ వాసులై, క్యాథలిక్కులై, ఇబ్బందుల్లో ఉండాలి. రోజూ దాత కుటుంబం కోసం మూడు ప్రార్థనలు చేయాలి. సంగీతకారుడు మొజార్ట్ ముత్తాత, తాపీ మేస్త్రీ, ఇక్కడే ఉండేవాడు. 1944 బాంబు దాడిలో చాలా భాగం కూలితే తిరిగి కట్టుకున్నారు.

చూపించడానికి ఉంచిన ఇంట్లోకి వెళ్లి మా ఆవిడ, “ఏవండీ, మన క్వార్టర్సు వంటింటి కన్నా ఇదే నయం” అంది. నన్ను ఆలోచింపజేసినది ఆ అద్దె. పూర్తిగా ఉచితంగా ఇవ్వవచ్చు కదా? కాని అద్దె కట్టేవాడు యాచకుడు కాడు, తన గుమ్మంలో తాను తలెత్తుకుని నిలబడతాడు.

ఇదే జర్మనీలో 1889లో బిస్మార్క్ హయాంలో వృద్ధాప్య పెన్షను చట్టం వచ్చింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ చందా కట్టాలి, వయసు 70 నిండాలి. 1916లో దానిని 65కు తగ్గించారు. దాత దయ చట్టంగా మారడానికి మూడున్నర శతాబ్దాలు పైగా పట్టింది. మన దేశంలో పెన్షను దయాధర్మం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనం ఏటా ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకోవడంలో ఎంత అర్థం ఉందో ఫుగ్గెరై వాకిట్లో మరింత బాగా తెలిసింది.

నోయ్‌ష్వాన్‌స్టైన్: రాజు కల, ప్రజల ఆదాయం

దారి చివర కొండమీద తెల్లటి కోట నోయ్‌ష్వాన్‌స్టైన్. ప్రాకారాలను కాపాడిన మొదటి లుడ్విగ్ మనుమడు రెండవ లుడ్విగ్ 1869లో దీనికి శంకుస్థాపన చేశాడు. చూడటానికి మధ్యయుగపు కోట, లోపల ఉక్కు దూలాలు, కుళాయి నీళ్లు, వేడిగాలి ఏర్పాటు. సొంత సొమ్ము, అప్పులు కుమ్మరించాడు. ఋణాలు మితిమీరడంతో 1886 జూన్‌లో పిచ్చివాడని ప్రకటించి పదవి నుండి దించారు. కొద్ది రోజులకే సరస్సులో శవమై తేలాడు. ఈ కోటలో ఆయన గడిపింది మొత్తం 172 రోజులే. అప్పులు తీర్చడానికి అదే ఏడాది ఆగస్టులో టిక్కెట్టు పెట్టి జనాన్ని రానిచ్చారు. నాడు దుబారా అనిపించిన కోటకు నేడు ఏటా పది లక్షలకు పైగా యాత్రికులు వస్తున్నారు. 2025లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లే మిత్రులకు ఒక మనవి. పెద్ద నగరాలతో సరిపెట్టుకోకండి. కోట టిక్కెట్టు ముందుగానే కొనండి, రాళ్లు పరచిన వీధులకు మెత్తని బూట్లు, మందుల చీటీ వెంట ఉంచుకోండి. వీలైతే దంపతులిద్దరే వెళ్లండి. ఉద్యోగకాలంలో ఒకరికొకరు ఇవ్వలేని సమయం ఆ చిన్న ఊళ్లలో తీరికగా దొరుకుతుంది.