విప్లవాల్లో సిపాయి

ఇన్‌ఫాంట్రీలో ఇరవై నాలుగేళ్లు సర్వీసు చేశాను. అందులో ఒకే ఒక్కసారి, సివిల్ అధికారులకు సాయంగా వెళ్లిన డ్యూటీలో, మన జనానికే ఎదురుగా రైఫిల్ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. కాల్పుల ఆర్డరు రాలేదు. జనం చెదిరిపోయారు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఆర్డరు వచ్చి ఉంటే? రిటైరయ్యాక విప్లవాల చరిత్ర చదవడం మొదలుపెట్టింది ఈ ప్రశ్న వల్లే.

పుస్తకాల్లో నాయకులు, సిద్ధాంతాలే ఎక్కువ కనిపిస్తాయి. నేను మాత్రం సిపాయి కోసం వెతికాను.

1789 జూలై 14న పారిస్‌లో బాస్టిల్ కోట ముట్టడికి బలం వచ్చింది ఫ్రెంచి గార్డు దళం వాళ్లు ఫిరంగులతో జనంలో కలిశాకే. పదేళ్లు తిరిగేసరికి, 1799లో, జనరల్ నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్నాడు.

1917 మార్చి 11న పెట్రోగ్రాడ్‌లో వొలిన్‌స్కీ రెజిమెంటు వాళ్లు ఆర్డరు ప్రకారం జనం మీద కాల్చారు. మర్నాడు మళ్లీ వెళ్లమంటే ససేమిరా అన్నారు, తమ అధికారినే చంపేశారు. మిగతా రెజిమెంట్లూ తిరగబడ్డాయి. 15న జార్ గద్దె దిగాడు. కాని తుపాకులు దిగలేదు. నవంబరులో బోల్షెవిక్కులు అధికారం తీసుకున్నారు, ఆ తర్వాత అంతర్యుద్ధంలో లక్షలాది మంది పోయారు.

మూడోది పోర్చుగల్. 1961లో గోవాలో మనవాళ్లు ఓడించింది ఆ నియంతృత్వ ప్రభుత్వాన్నే. ఆఫ్రికా వలసల్లో పదమూడేళ్ల యుద్ధంతో విసిగిపోయిన కెప్టెన్లు, మేజర్లు 1974 ఏప్రిల్ 25న ఒక్క రోజులో దాన్ని కూలదోశారు. జనం తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. గోవా మనదేనని పోర్చుగల్ సంతకం పెట్టింది కూడా ఆ ఏడాది డిసెంబరు 31నే. సరిగ్గా ఏడాదికి, 1975 ఏప్రిల్ 25న, ఎన్నికలు జరిపించారు. మధ్యలో కుట్రలు, తిరుగుబాటు యత్నాలు లేకపోలేదు. అయినా 1982లో సైనికుల విప్లవ మండలి రద్దయింది, సైన్యం రాజకీయాల నుంచి తప్పుకుంది.

పాలకులకు ఎదురు తిరగడం మూడు చోట్లా జరిగింది. అధికారం జనానికి అప్పజెప్పి బ్యారక్స్‌కు తిరిగి వెళ్లడం ఒక్కచోటే జరిగింది. మొదటిదానికి ఒక పూట తెగింపు చాలు. రెండోదానికి ఏళ్ల తరబడి క్రమశిక్షణ కావాలి.

ఆ రాత్రి ప్రశ్నకు జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. కాని డ్యూటీ ముగిశాక రైఫిళ్లూ, తూటాలూ లెక్క ప్రకారం కోత్‌లో జమచేసి వచ్చాం. అప్పుడది మామూలు పనే అనుకున్నాను. దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది.