ఎర్రనీటి ఋతువు: తెలుగు పిల్లల పుస్తకాల్లో కాలాలు, కొవ్వూరు రేవు నుంచి ఒక పరిశీలన

జూలైలో ఒకరోజు కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీదికి వెళ్లేసరికి గోదావరి రంగు మారిపోయి ఉంటుంది. నిన్నటిదాకా తేటగా ఉన్న నీళ్లు ఇటుకరంగుకు తిరుగుతాయి. ‘ఎర్రనీరు వచ్చింది’ అంటారు రేవులో. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండకపోవచ్చు. ఆ వారమంతా ఊళ్లో ఒక్క చినుకూ రాలి ఉండకపోవచ్చు. ఆ నీరు ఎక్కడో మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కడిగి తెచ్చిన మట్టి. మెట్ల మీద నిలబడ్డ పిల్లవాడు అడిగేది ఒకటే: వాన పడలేదు కదా, వరద ఎలా వచ్చింది?

చాలా న్యాయమైన ప్రశ్న ఇది. మన పిల్లల పుస్తకాలు దీనికి జవాబు చెప్పవు. వాటిలో జలచక్రం బొమ్మ ఉంటుంది. కొండ, మబ్బు, వాన, నది, సముద్రం అన్నీ ఒకే పేజీలో పక్కపక్కనే ఇమిడిపోతాయి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, సముద్రం దాకా మొత్తం 1,465 కిలోమీటర్లు నడిచే నది కొవ్వూరు దాటుతుంది కాబట్టి, ఇక్కడి పిల్లలకు వాన ఒక చోటు, వరద మరొక చోటు. తెలుగులో వాతావరణం గురించీ ఋతువుల గురించీ పిల్లల కోసం వచ్చిన పుస్తకాలను ఈ రేవు నుంచి చదివితే ఏం కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం విషయం.

మొదట చెప్పుకోవలసింది పెద్దబాలశిక్ష. పుదూరు సీతారామశాస్త్రి 1832లో కూర్చిన బాలశిక్ష తరువాతి ముద్రణల్లో పెరిగి పెద్దబాలశిక్ష అయింది. తరతరాల తెలుగు పిల్లలు ఋతువులను అందులోనే నేర్చుకున్నారు. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠాషాఢాలు గ్రీష్మం, ఇలా ఆరు ఋతువులూ పన్నెండు మాసాలూ వరసగా నోటికి వచ్చేవి. ఆ కంఠస్థాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కాలానికి పేర్లున్నాయనీ, ఆ పేర్లకు ఒక వరస ఉందనీ పసివాళ్లకు చెప్పిన పుస్తకం అది. అయితే ఆరు ఋతువులు పుస్తకంలో ఉన్నాయి. నోట్లో ఉన్నవి మాత్రం మూడే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. పొలం గట్టు మీద ఆరూ కాదు, మూడూ కాదు, ఇరవై ఏడు. అవి కార్తెలు.

కార్తెల దగ్గర కాస్త ఆగాలి. చాంద్రమాసాలు ఏటేటా ముందుకూ వెనక్కూ జరుగుతూ, అధికమాసంతో సర్దుకుంటాయి. కార్తె అలా జరగదు. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు పదమూడున్నర రోజులే ఒక కార్తె. అందుకే ఏ సంవత్సరమైనా రోహిణి మే చివరి వారంలోనే వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని చెప్పే రైతు చేతిలో ఉన్నది సౌరమాన పంచాంగం. నైరుతి ఋతుపవనం కూడా సూర్యుణ్ణి అనుసరించేదే కనుక, వానకు చైత్రాదుల కంటే కార్తెలు దగ్గరి గుర్తులయ్యాయి. ఈ ఒక్క విషయం చక్కని బొమ్మల పుస్తకానికి సరిపోతుంది. ఇలాంటి తర్కాన్ని పిల్లల దగ్గరికి తీసుకెళ్లగల కలం మనకు లేకపోలేదు. కోనసీమ మూలాలున్న మహీధర నళినీమోహన్ భౌతిక శాస్త్రవేత్త. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేస్తూ ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ వంటి పుస్తకాలు రాశారు. శీర్షికలోనే ‘కథ’ అని పెట్టి శాస్త్రాన్ని చెప్పడం ఆయన పద్ధతి. పిల్లలకు పిడుగంటే ఉండే భయాన్ని కొట్టిపారేయకుండా, ఆ భయం దగ్గరే మొదలుపెట్టడం ఎంత మంచి ఎత్తుగడో ‘పిడుగు దేవర’ అన్న పేరే చెబుతుంది. తెలుగు బాలవిజ్ఞానంలో ఆయనది పెద్ద చెయ్యి అని నా నమ్మకం.

పత్రికల సంగతి కొద్దిగా చెప్పుకుంటే చాలు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు నడిపిన ‘బాల’ 1945లోనూ, ‘చందమామ’ 1947 జూలైలోనూ మొదలయ్యాయి. చందమామ కథల్లో వాన తరచుగా బాటసారిని పాడుబడ్డ గుడిలోకో, ముసలమ్మ గుడిసెలోకో తోలడానికే వస్తుంది. కథకు అది కావాలి, తప్పు లేదు. కానీ వానే కథ కావడం అరుదు.

ఇక అనువాదాలు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికేవి. ఆ బొమ్మలు చూసి పెరిగిన తరం ఇప్పటికీ వాటిని ప్రేమగా తలచుకుంటుంది. వాటిలో కొన్నింటిని ‘మంచి పుస్తకం’ సంస్థ మళ్లీ అచ్చువేసింది కూడా. ఆ ప్రేమ నాకూ ఉంది. అయితే ఋతువుల విషయంలో ఆ పుస్తకాలు రెండు తెలుగు మాటల మీద మోయలేని బరువు పెట్టాయి.

ఒకటి ‘మంచు’. కొవ్వూరులో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున గోదావరి మీద పరుచుకుని అవతలి రాజమహేంద్రవరాన్నీ, వంతెన కమానులనూ కనపడకుండా చేసేది. గడ్డి మీద బొట్లుగా నిలిచేదీ మంచే. ‘మంచులో తిరక్కు, జలుబు చేస్తుంది’ అంటుంది అమ్మమ్మ. అనువాదంలో అదే మాట పిల్లలు గుప్పిళ్లతో ముద్దలు చేసి విసురుకునే తెల్లని పదార్థమైంది. మనకు పొగలా కనబడేదీ, తడిగా తగిలేదీ, అక్కడ గట్టిగా గడ్డకట్టేదీ అన్నింటికీ ఒకటే మాట. బొమ్మ పక్కనే ఉంది కాబట్టి పిల్లలు సర్దుకున్నారు. కానీ తమ ఊరి మంచును గురించిన పుస్తకం మాత్రం వాళ్లకు దొరకలేదు.

రెండోది ‘శరత్తు’. అక్కడి ఆకు రాలే కాలాన్ని శరదృతువు అని అనువదించడం అలవాటైపోయింది. మనకు శరత్తంటే వాన వెలిసి, ఆకాశం కడిగినట్టు తేటపడి, వెన్నెల కాసే కాలం. గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూచే కాలం. ఆకులు రాలేది శిశిరంలో. పసుపు, ఎరుపు ఆకుల బొమ్మ కింద ‘శరదృతువు’ అని చదివిన పిల్లలు ఆశ్వయుజంలో ఇంటి ముందు చెట్టు చూస్తే పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. పుస్తకం అబద్ధమనుకోవాలా, చెట్టు అబద్ధమనుకోవాలా? ‘ఆకురాలు కాలం’ అని రాసిన అనువాదకులు సరైన పని చేశారు.

మరి కొవ్వూరు పిల్లలకు కాలం దేనితో తెలుస్తుంది? వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ఎండిన కాలువలో క్రికెట్ మొదలవుతుంది. మళ్లీ విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు నీళ్లు వదిలారంటే సార్వాకు, అంటే వానాకాలపు వరికి, ఆకుమడులు, వెనకే ఊడ్పులు. ఎర్రనీటితో పులస చేప వస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, నదికి ఎదురీదితే పులస. వరద పెరిగితే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం అడుగుల్లో చెబుతారు: 11.75 మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది; ఆ వరద పేరెత్తితే పెద్దవాళ్లు ఇప్పటికీ గోడ మీద నీళ్లు ఎంతదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఆ తరువాత అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం, వాయుగుండం, తుఫాను. ఈ మూడూ ఒకే గాలి పెరుగుతూ పోయే మెట్లని ఏ పిల్లల కథా చెప్పగా నేను చూడలేదు. తుఫాను తప్పితే మాసూళ్లు, సంక్రాంతి, ఆపైన రెండో పంట దాళ్వా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది.

కొవ్వూరు 2022లో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి మారింది. నది ఎటు ఉందో, ఎర్రనీరు ఎప్పుడొస్తుందో మారలేదు. డెల్టా బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటి. వచ్చే జూన్ నుంచి తరగతిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. కాలువకు నీళ్లు వచ్చిన తేదీ, ఎర్రనీరు కనబడిన తేదీ, రెల్లు పూచిన తేదీ, వంతెన కనబడనంత మంచు కమ్మిన మొదటి ఉదయం, వీటిని పిల్లల చేతే, వాళ్ల మాటల్లోనే రాయించండి. ఆ పుస్తకాన్ని పారేయకండి.